సర్ లూయిస్ లీ ఫెర్మర్: కోడూరు శిలకు నామకరణము చేసిన శాస్త్రజ్ఞుడు

విజయనగరము దాటి ఉత్తరముగా పోవు రైలుమార్గమున గరివిడి, చీపురుపల్లి స్టేషనులు కలవు. ఆ ప్రాంతమున నల్లని రాతిగుట్టలును, లోతైన గోతులును ఉండుట ఆ దారిని పోయినవారెరిగినదే. అవి మాంగనీసు గనులు. ఆ గనుల నడుమ కోడూరు అను పల్లె యొకటి కలదు. రైల్వేకోడూరు వేరు, ఇది వేరు. ఈ కోడూరు పేరు చుట్టుప్రక్కల తాలూకాలవారికే తెలియకపోవచ్చును గాని, లండనులోను, బెర్లినులోను, వాషింగ్టనులోను రాళ్ళను పరిశీలించు పండితులకు నూరేండ్లకు పైబడి తెలిసియున్నది. ఏలయన, ఆ పల్లె గనిలో దొరకిన యొక వింతరాతికి ‘కోడురైటు’ అనియు, ఆ రాతిలోని యెఱ్ఱని స్ఫటికమునకు ‘స్పాండైటు’ అనియు నామకరణము చేసి, ఆ పేళ్ళను శాస్త్రగ్రంథముల కెక్కించిన మహనీయుడొకడు కలడు. ఆయన పేరు లూయిస్ లీ ఫెర్మర్. జన్మచేత ఆంగ్లేయుడు; ముప్పదిమూడు సంవత్సరములు భారతదేశపు కొండలలోను, అడవులలోను రాతినే చదివినవాడు.

ఫెర్మరు 1880 సెప్టెంబరు 18వ తేదీన లండను నగరమున జన్మించెను. విల్సను గ్రామరు పాఠశాలలో చదివి, ఉపకారవేతనమును సంపాదించుకొని రాజకీయ గనులశాస్త్ర కళాశాలలో చేరెను. ఆ కాలమున లండనులో భూగర్భశాస్త్రమును బోధించుచుండిన ఆచార్యులలో జడ్డు ప్రసిద్ధుడు. రాతిని పలుచని రేకుగా అరగదీసి, సూక్ష్మదర్శినిక్రింద నుంచి, వెలుతురును దానిగుండ పోనిచ్చి అందలి ఖనిజముల రంగులను, మారుపాటులను గుర్తించు విద్య అప్పటికి క్రొత్తది. ఆ విద్యలో ఫెర్మరు ఆరితేరెను. తరువాతి జీవితమున ఆయన చేసిన పనికంతటికిని ఈ విద్యయే మూలధనము.

1902వ సంవత్సరమున, ఇరువదిరెండేండ్ల వయసున, ఆయన భారత భూగర్భ పరిశోధనశాఖలో ఉద్యోగియై కలకత్తా చేరెను. ఆ శాఖ 1851లో స్థాపింపబడినది. దేశమంతటికిని అధికారులు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమందియే యుండిరి. వారు శీతకాలమున గుడారములు, నౌకర్లు, బండ్లతో పల్లెలమీద పడి తిరుగుచు పటములు గీచి, రాళ్ళు ఏరి, వేసవి ముదిరినంతనే కలకత్తాకు మరలి, వానకాలమంతయు ఆ రాళ్ళను పరీక్షించుచు నివేదికలు వ్రాయుదురు. ఈ జీవితము కొందరికి విసుగు పుట్టించును. ఫెర్మరుకు మాత్రము సరిపడినది.

ఆనాడు ఆ శాఖలో పైవాడు థామస్ హాలండ్. కలకత్తా నగరస్థాపకుడని చెప్పబడు జాబ్ చార్నాకు సమాధిరాయి ఏ జాతిదో పరిశీలించి, దానికి ‘చార్నొకైటు’ అని పేరిడినవాడితడే. మన తూర్పుకనుమలలో విశేషముగా నుండు మరియొక శిలకు, ఆ కొండలలో నివసించు ఖోండుల పేరుమీద, వాకరు అను నతడు 1902లో ‘ఖొండలైటు’ అని పేరుంచెను. విశాఖపట్టణము కైలాసగిరి మొదలు విజయనగరము కొండల వఱకు ఎఱ్ఱగా పిప్పివలె కనబడు రాయి యిదియే. తమ నేలలోనుండియే, తమ జనులనుండియే పేళ్ళను తీసి శిలలకు పెట్టు ఈ యలవాటు ఆ శాఖలో ఒక సంప్రదాయమయ్యెను. ఫెర్మరు దానిని ఎల్లరికంటె మిక్కిలిగా పాటించెను.

ఇక మాంగనీసు సంగతి. ఇనుమునుండి ఉక్కు చేయునపుడు అందు కలిసియున్న ప్రాణవాయువును, గంధకమును తొలగింపవలెను. లేనిచో ఉక్కు కాచి కొట్టునపుడే పగిలిపోవును. ఆ పనికి మాంగనీసును మించిన ద్రవ్యము లేదు. 1856 నాటినుండి ఐరోపాలో ఉక్కు కొలుములు పెరిగిన కొలది దీనికి గిరాకి పెరిగెను. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము మొదట ప్రారంభమైనది తెలుగుదేశముననే యనుట మనము జ్ఞప్తియందుంచుకొనవలసిన విషయము. 1892 ప్రాంతమున నాటి విశాఖపట్టణము జిల్లాలో, విజయనగర సంస్థానపు భూములలో, ఈ కోడూరు గనితో ఆ పరిశ్రమ మొదలయ్యెను. తరువాత 1900 ప్రాంతమున నాగపురము, బాలాఘాటు జిల్లాలలో ఇంతకంటె గొప్పగనులు బయలుపడెను. రష్యాదేశము జపానుతో యుద్ధము చేసి, 1905లో లోపల కల్లోలములపాలై, కాకసస్ గనులనుండి ఖనిజమును పంపజాలక పోయినపుడు ధర ఒక్కుమ్మడి పెరిగి, మన దేశపు ఉత్పత్తి 1907 నాటికి సుమారు తొమ్మిదిలక్షల టన్నులకు చేరెను. లోకమున ఆ సరకునకు భారతదేశము అగ్రస్థానమున నిలిచెను.

ఇంత ధనము నేలనుండి పోవుచున్నను, ఆ నేలలో ఖనిజమెట్లు చేరినదో, ఎంత లోతునకు కలదో, రేపు ఎక్కడ త్రవ్వవలెనో చెప్పగలవాడు లేడు. గని యజమానులు కనబడినచోట త్రవ్వించుచు, గోయి నీళ్ళతో నిండినంతనే మరియొకచోటికి పోవుచుండిరి. ఈ చిక్కును విడదీయు బాధ్యత ఫెర్మరుపై పడెను. ఆయన మధ్యపరగణాలలోను, ఝాబువా సంస్థానమునను, మనవైపు కోడూరు, గర్భాము, గరివిడి, పెరాపి మొదలైన చోట్లను గనిగనికి పోయి చూచెను. ఆ పరిశ్రమకు ఫలముగా 1909లో భారతదేశపు మాంగనీసు నిక్షేపములను గూర్చిన మహాగ్రంథము భూగర్భశాఖవారి ప్రచురణలలో 37వ సంపుటముగా వెలువడినది. అది వెయ్యిపుటలకు మించినది. ఖనిజముల గుణములు, గనుల చరిత్ర, ధరలు, రవాణా ఖర్చులు, ఒక్కొక్క గనిని గూర్చిన వర్ణన అన్నియు అందు కలవు. ఇరువదితొమ్మిదేండ్లు నిండని యువకుని రచన అది యనిన నమ్మశక్యము కాదు. ఆ యేడే లండను విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు బిరుదము నిచ్చెను. నేటికిని ఆ గనులను గూర్చి వ్రాయబూనువారు మొదట తెరువవలసినది ఆ సంపుటమునే.

ఆ గ్రంథములో మన ప్రాంతమునకు సంబంధించిన భాగమే యెక్కువ రసవంతమైనది, ఎక్కువ వివాదాస్పదమైనదియు.

కోడూరు గనిలో పైభాగమంతయు తెల్లని సుద్దమట్టి; ఆ సుద్దలో నల్లని మాంగనీసు గడ్డలు. ఆ గడ్డలనే కూలీలు సుత్తెలతో పగులగొట్టి, మట్టిని వేరుచేసి, కుప్పలు పోయుదురు. అయితే కొన్నిచోట్ల, త్రవ్వగా త్రవ్వగా, ఇంకను మెత్తబడని గట్టిరాయి యొకటి దొరకెను. దానిని అరగదీసి సూక్ష్మదర్శినిలో చూడగా ఫెర్మరుకు అందు మూడు ప్రధానఖనిజములు కనబడెను. ఒకటి పొటాషుతో కూడిన ఫెల్‌స్పారు. రెండవది ఎముకలలో నుండు ద్రవ్యము వంటిదే యైన, భాస్వరము సున్నము కలిసిన అపటైటు. మూడవది మాంగనీసుతో కూడిన గార్నెట్టు జాతి ఎఱ్ఱని స్ఫటికము. ఇట్టి కూడిక లోకమున మరెక్కడను అప్పటికి వర్ణింపబడియుండలేదు. అందుచేత ఆయన ఆ రాతికి ఊరిపేరుతో ‘కోడురైటు’ అని పేరుంచెను.

గార్నెట్టనిన తెలుగువారికి క్రొత్త వస్తువు కాదు. నవరత్నములలోని గోమేధికము ఆ కుటుంబమున పుట్టినదే. భీమునిపట్టణము, విశాఖపట్టణము తీరములయందు అలలు తీసిపోయిన తరువాత ఇసుకపై ఎఱ్ఱని చారలుగా నిలుచునదియు గార్నెట్టు పొడియే. ఖమ్మము వైపున గరీబుపేట కొండ ఎఱ్ఱని గార్నెట్లకు ప్రసిద్ధి. కాని వీనిలో సాధారణముగా నుండు లోహములు ఇనుము, సున్నము, అల్యూమినియము. కోడూరు గార్నెట్టులో మాంగనీసు ఎక్కువ. బవేరియాలోని స్పెస్సార్టు కొండల పేరు ధరించిన స్పెస్సార్టైటు అను గార్నెట్టులో మాంగనీసు, అల్యూమినియము ఉండును; బ్రెజిలు దేశపు ఆంద్రాదా అను విద్వాంసుని పేరు ధరించిన ఆంద్రడైటులో సున్నము, ఇనుము ఉండును. కోడూరుది ఈ రెంటికిని నడుమనుండునది. కనుక ఫెర్మరు మొదటిదాని తల, రెండవదాని తోక కలిపి ‘స్పాండైటు’ అనెను. కావ్యములలో సమాసములు చేయు మనవారికి ఈ పద్ధతి విచిత్రముగా తోచకపోవచ్చును.

స్పాండైటు నారింజరంగు మొదలు నెత్తుటిరంగు, చిక్కని గోధుమరంగు వఱకు పలువన్నెల నుండును. నీటికి సుమారు నాలుగురెట్లు బరువు. కత్తిమొనతో గీచినను గీత పడదు. అదియే గాజును గీయును. అభ్రకము వలె పొరలుగా చీలక, గాజువలె వంకరగా పగులును. చక్కగా పెరిగిన స్ఫటికమునకు పండ్రెండో, ఇరువదినాలుగో ముఖములుండును. ఇంత గట్టిది కూడ, లక్షలకొలది సంవత్సరములు వానకు, ఎండకు, నేలలో దిగు నీటికి లోబడి కరగి మారక తప్పలేదు. ఫెల్‌స్పారులోని పొటాషు కొట్టుకొనిపోయి తెల్లని సుద్ద మిగిలినది. స్పాండైటులోని మాంగనీసు విడిపోయి, ప్రాణవాయువుతో కలిసి నల్లని గడ్డగా పేరుకొనినది. అపటైటులోని భాస్వరము ఆ గడ్డలోనికే చేరినది. మన ప్రాంతపు మాంగనీసులో భాస్వరము హెచ్చుగా నుండుటకును, అందుచేత బాలాఘాటు సరకుకంటె మన సరకు ధర తక్కువ పలుకుటకును కారణమిదియే. బజారులో ధర నిర్ణయించునది రాతిలోని కంటికి కనబడని సూక్ష్మకణమని ఫెర్మరు చూపెను. దీనిని విని గని యజమానులు సంతోషించియుండరు.

ఇంతవఱకు చిక్కులేదు. చిక్కంతయు ఆ రాయి పుట్టుకలో కలదు. మధ్యపరగణాల మాంగనీసు శిలలను పరిశీలించి ఫెర్మరు వానికి అచ్చటి గోండుల పేరుతో ‘గొండైటు’ అని నామకరణము చేసెను. పూర్వము సముద్రగర్భమున ఇసుక, బురద పొరలుగా దిగునపుడే మాంగనీసు కూడ దిగి, తరువాత భూగర్భపు వేడిమిచేతను, ఒత్తిడిచేతను మారి గొండైటు అయినదని ఆయన నిర్ణయించెను. అది సరియైన నిర్ణయము. కాని కోడురైటు విషయమున ఆయన వేరుదారి త్రొక్కెను. ఇది సముద్రపు బురద కాదు, భూమిలోతులనుండి కరగిన ద్రవశిలయై పైకి చొచ్చుకొని వచ్చి ఖొండలైటు నడుమ గడ్డకట్టినదని ఆయన అభిప్రాయము. ఫెల్‌స్పారు, అపటైటు అట్టి శిలలలో సాధారణముగా నుండునవి. చుట్టునున్న రాళ్ళను ఇది ఖండించినట్లు కొన్నిచోట్ల కనబడినది. అందుచేత ఆయన అట్లనుకొనుటకు ఆధారము లేకపోలేదు.

ఈ వాదము పండితుల వినోదము మాత్రమే కాదు. కోడురైటు ద్రవశిలయై, అందు మాంగనీసు ఎఱ్ఱని స్పాండైటుగానే యుండి, వానకు ఎండకు మెత్తబడిన మేర మాత్రమే నల్లఖనిజముగా మారునదైనచో, మెత్తదనము ఆగినచోట ఖనిజమును ఆగవలెను. అంతటితో గని ముగియును. అట్లు గాక పూర్వపు సముద్రపు పొరయే యైనచో, ఆ పొర ఎంత లోతునకు మడతబడి దిగినదో అంత లోతునకును ఖనిజము ఉండవచ్చును. గోయి అడుగున పనిచేయు కూలివాని బ్రతుకు, గనిని నమ్మిన గ్రామముల భవిష్యత్తు ఈ రెండు మాటల నడుమ నుండెను.

1914లో అమెరికా దేశపు శిలాశాస్త్రజ్ఞుడు విట్మన్ క్రాస్ కోడురైటును గూర్చి విమర్శవ్యాసమొకటి ప్రకటించెను. ఫెర్మరు చెప్పిన శిలలన్నియు ఒకే ద్రవశిలనుండి పుట్టినవనుటకు చాలినంత ప్రమాణము లేదని ఆయన వాదము. అటుపిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య మహాదేవన్ ప్రభృతులును, వంగదేశపు జాదవపురములో సుప్రియ రాయ్ ప్రభృతులును ఆ గనులను తిరిగి పరీక్షించిరి. కోడురైటును మొదట సముద్రగర్భపు పొరయే. భూమిలోతులలో మహోష్ణమునకు లోనై, కొంత ఇతరద్రవ్యముతో కలిసి ఇట్లు మారినది యనుట నేడు అధికసంఖ్యాకుల మతము. గర్భాము గనిలోని శిలలు తొమ్మిదివందల డిగ్రీల సెంటిగ్రేడుకు చేరువైన వేడిమిని చవిచూచినవని తరువాతి పరిశోధనలు తెలుపుచున్నవి. అట్టి వేడిమిలోనే పుట్టిన గట్టి నల్లఖనిజము గర్భాములో కలదు. అది వానవలన, ఎండవలన పుట్టినది కాదు.

ఇందులో నొక విశేషమున్నది. గరివిడి గనిలో ఫెర్మరు ఒక లోహకాంతి గల నల్లఖనిజమును కనుగొని, తన సహోద్యోగి పేరుతో దానికి ‘వ్రెడెన్‌బర్గైటు’ అని పేరిడెను. అయస్కాంతము దానిని గట్టిగా ఆకర్షించును. 1930 ప్రాంతమున ఐరోపా పండితులు దానిని మెఱుగుపెట్టి చూడగా అది ఒకే ఖనిజము కాదని, జాకబ్‌సైటు, హౌస్‌మనైటు అను రెండు ఖనిజముల సన్నని పలకలు బట్టలోని పడుగు పేకలవలె కలిసియున్నవని తేలినది. మహోష్ణమున ఒక్కటిగా నుండి, మెల్లగా చల్లారునపుడు రెండుగా విడినవన్నమాట. కావున అది నేలపై వాననీటిచేత పేరుకొనినది కానేరదు. ఫెర్మరు స్వహస్తముతో ఏరి దాచిన రాయియే, విశాఖపట్టణపు నల్లఖనిజమంతయు పైపై మార్పులవలన పుట్టినదను మాటకు ఎదురుసాక్ష్యము పలికినది. అతడు ఆ రాతిని అంత నిజాయితీగా వర్ణించి, దొరకిన చోటును, గుణములను, అంశముల పాళ్ళను దాచక వ్రాసియుండనిచో, తరువాతివారు ఆయనను ఖండింపజాలకపోయెడివారు.

కోడురైటు చర్చ ఇట్లు సాగుచుండగనే ఫెర్మరు మనస్సు గార్నెట్టును పట్టుకొని మరింత లోతునకు పోయెను. గార్నెట్టులో అణువులు మిక్కిలి దగ్గర దగ్గరగా ఇరికియుండును. అందుచేతనే అది బరువు. అదే ద్రవ్యములు తక్కువ ఒత్తిడిలో ఎక్కువ చోటాక్రమించు వేరు ఖనిజములుగా నుండును. కావున గార్నెట్టు కనబడిన చోట ఒకప్పుడు గొప్ప ఒత్తిడి యుండినదని చెప్పవచ్చును. వాయుభారమాపకము గాలి ఒత్తిడిని తెలిపినట్లు గార్నెట్టు భూమిలోని ఒత్తిడిని తెలుపునని 1913లో ఆయన ప్రకటించెను. అంతతో నిలువక, మనము నిలిచియున్న నేలక్రింద చాల లోతున గార్నెట్టుతో నిండిన బరువైన పొర యొకటి కలదనియు, ఒత్తిడి తగ్గిన చోట అది ఉబ్బి పైనేలను పైకెత్తుననియు ఊహించెను. ఆ కాలమున అది సాహసము. భూకంపతరంగములచేతను, లోతులనుండి అగ్నిపర్వతములు పైకి తెచ్చిన రాళ్ళచేతను భూమిలోతులలో గార్నెట్టు విస్తారముగా నున్నదని నేడు రుజువైనది. కోడూరు విషయమున పొరబడినవాడే, కోడూరు స్ఫటికముల జాతిని పట్టుకొని భూగర్భమును గూర్చి సరియైన దారిని చూపినవాడును అయ్యెను. శాస్త్రచరిత్రలో ఇట్టివి అరుదు కాదు.

ఫెర్మరు గృహజీవితము ఆయన గ్రంథములంత సుఖముగా సాగలేదు. 1909లో ఆయన మ్యూరియల్ ఆంబ్లర్ అను కన్యను వివాహమాడెను. వారికి వెనెస్సా అను కూతురును, 1915 ఫిబ్రవరి 11న లండనులో పాట్రిక్ అను కుమారుడును కలిగిరి. అది మొదటి ప్రపంచయుద్ధకాలము. సముద్రముపై ఓడలకు ముప్పు పొంచియుండెను. తల్లి కూతురిని వెంటబెట్టుకొని భారతదేశమునకు ప్రయాణమైనపుడు పసిబాలుడగు పాట్రిక్కును ఇంగ్లండులోనే ఒక పల్లెలోని కుటుంబమున విడిచిపోయెను. బాలుడు నాలుగేండ్లవాడగు వఱకు తల్లి నెరుగడు. తండ్రి నంతకంటెను ఎరుగడు. తరువాత దంపతులు విడిపోయిరి. సెలవుపై తండ్రి ఐరోపాకు వచ్చినపుడు కుమారునితో కలిసి కొండలలో తిరిగెను గాని, ఆ రోజులు కొలదియే. రాళ్ళ వయస్సును లక్షల సంవత్సరములలో లెక్కించినవానికి బిడ్డతో గడుపు వారములు లభింపలేదు. ఆ పాట్రిక్ పెరిగి పెద్దవాడై, 1933లో హాలండు తీరమునుండి కాలినడకను ఐరోపాఖండమును దాటి, రెండవ యుద్ధమున క్రీటు ద్వీపములో జర్మను సేనానిని బంధించి, అటుతరువాత ఆంగ్లభాషలో మేటి యాత్రారచయితలలో నొకడుగ పేరొంది, 2011లో మరణించెను. నేడు లోకమున ఫెర్మరు అనిన కుమారుని పేరే ముందుగా స్ఫురించును.

మొదటి యుద్ధకాలమున దేశమునకు కావలసిన ఖనిజములు సమకూర్చు పనిలో ఫెర్మరు మునిగియుండెను. ఆ సేవకు ప్రభుత్వము 1919లో గౌరవబిరుద మిచ్చెను. దక్కను పీఠభూమిలోని నల్లరాతినేలను గూర్చియు ఆయన శ్రద్ధతో పనిచేసెను. భుసావలు వద్ద బొగ్గుకొఱకు దాదాపు 1,200 అడుగుల లోతున త్రవ్విన బావినుండి తీసిన రాతికడ్డీలను పరిశీలించి, అందు ఇరువదితొమ్మిది లావాప్రవాహములు ఒకదానిపై నొకటి పరచుకొనియున్నవని గుర్తించెను. తెలంగాణపు నల్లరేగడికి తల్లియగు రాయి ఇట్టి ప్రవాహముల సంతతియే.

ఉద్యోగమున ఆయన క్రమముగా పైకివచ్చి భూగర్భశాఖకు డైరెక్టరయ్యెను. 1933లో పాట్నాలో జరిగిన భారత విజ్ఞాన మహాసభకు అధ్యక్షత వహించెను. 1934లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1935 జనవరిలో కలకత్తాలో జాతీయ విజ్ఞానసంస్థ నెలకొల్పబడినపుడు దానికి మొట్టమొదటి అధ్యక్షుడాయనయే. ఆ సంస్థయే నేడు ఢిల్లీలో భారత జాతీయ విజ్ఞాన అకాడమీగా వర్ధిల్లుచున్నది. ఆ సంవత్సరమే ‘సర్’ బిరుదమును పొంది ఉద్యోగవిరమణ చేసెను.

మాంగనీసు ఎగుమతితో విశాఖపట్టణపు అదృష్టమును ముడిపడియుండెను. మధ్యపరగణాల మాంగనీసును సముద్రమునకు చేర్చుట ముఖ్యోద్దేశములలో నొకటిగా నిర్మించిన విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమయ్యెను. అంతకు పూర్వము సరకును పడవలలోనికెత్తి, దూరమున లంగరువేసిన ఓడలకు చేర్చెడివారు. రాయపురమునుండి పార్వతీపురము మీదుగా విజయనగరము చేరు రైలుమార్గము అంతకు కొంచెము ముందే పూర్తియైనది. ఫెర్మరు 1909లో వర్ణించిన గనుల సరకు, ఆయన ఉద్యోగము ముగియు వేళకు, తెలుగుతీరమున క్రొత్తరేవునుండి పోవుచుండెను.

విరామము పొందిన పిమ్మటను ఆయన ఊరకుండలేదు. భారతదేశపు ప్రాచీనశిలలను ఒకదానితో నొకటి పోల్చి చూపు గ్రంథమును 1936లోను, గార్నెట్లను గూర్చిన చిన్నపుస్తకమును 1938లోను ప్రకటించెను. మలయాదేశపు గనుల పరిశ్రమను పరిశీలించి 1939లో నివేదిక సమర్పించెను. 1954 మే 24న ఇంగ్లండులో, డెబ్బదిమూడేండ్ల వయసున, మృతినొందెను.

ఆయన పెట్టిన పేళ్ళ కథ ఆయనతో ముగియలేదు. తన గురువు పేరుతో పెట్టిన జడ్డైటు, పూర్వాధికారి పేరుతో పెట్టిన బ్లాన్‌ఫర్డైటు ప్రత్యేకఖనిజములు కావని తరువాత తీసివేయబడెను. సీతాపారు గ్రామముపేర పెట్టిన సీతాపరైటు, అంతకుముందే అమెరికాలో దొరకిన బిక్స్‌బైటేయని తేలినది. కజ్లీడోంగ్రి గనిలో దొరకిన వించైటు, హాలండైటు మాత్రము నిలిచినవి. హాలండైటు నిలుచుటయే కాదు, దాని అణువుల అల్లిక నడుమ పెద్ద అణువులు ఇముడు సందులున్నవని గుర్తించి, 1978లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు అణుశక్తి కేంద్రములనుండి వచ్చు ప్రమాదకర వ్యర్థములను బంధించియుంచుటకు అట్టి అల్లిక గల కృత్రిమశిలను తయారుచేసిరి. సీతాపారులోనే దొరకిన మరియొక ఖనిజమునకు ఇతర పండితులు 1910లో ఫెర్మరు గౌరవార్థము ‘ఫెర్మరైటు’ అని పేరుంచిరి. నూరేండ్ల తరువాత, 2010లో, ఆ జాతి ఖనిజముల పేళ్ళను సవరించిన సంఘము దానిని అమెరికాలోని జాన్‌బామైటుకు రూపాంతరముగా నిర్ణయించి ఆ పేరును తొలగించెను. ఫెర్మరు పేరు ఖనిజముల పట్టికలో ఇపుడు లేదు. స్పాండైటును కూడ ప్రత్యేకఖనిజముగా ఆ పట్టిక యెన్నడును లెక్కింపలేదు. అయినను విజయనగరము జిల్లా గనులను గూర్చి వ్రాయువారందరును ఆ మాటనే వాడుచున్నారు. కోడురైటు అను పేరు, పుట్టుక మారినను, శిలానామకోశములలో అట్లే యున్నది.